పేరు లేని మెస్సు బోర్డు

గర్‌ర్‌ర్‌ర్…

వెలుగు కంటే ముందు, వాసన కంటే ముందు, ఈ లోకంలో నాకు తెలిసింది ఆ రొద ఒక్కటే. పుట్టగానే ఏడవవలసింది నేను; నా తరఫున కోత మిల్లు రంపమే ఏడ్చి పెట్టింది. రొద ఆగింది, పొట్టు రాలింది, చీకటి విడిపోయి నాకు రెండు ముఖాలు వచ్చాయి. మనుషులకు ఆ సౌకర్యం సాధన చేస్తే గాని రాదు. నాకు పుట్టుకతోనే అబ్బింది. చెవి సందున పెన్సిలు, పెదవి సందున చుట్ట ఉన్న మేస్త్రీ ఒకడు నా వెన్ను నిమిరి, "ఇది బోర్డుకి బాగుంటుంది" అన్నాడు.

నేను ఒక టేకు చెక్కను. ఆ సంగతి చెప్పుకోవడానికి ఇదే మొదటి అవకాశం, బహుశా చివరిది కూడా. ఎందుకంటే మేస్త్రీ నోట ఆ మాట వెలువడిన క్షణం నుంచి నన్ను చెక్క అన్నవాడు లేడు, పలక అన్నవాడు లేడు. ఎక్కడికి వెళ్ళినా, ఏ పని చేసినా, నేను బోర్డునే. దొరల దేశం నుంచి ఓడెక్కి వచ్చిన మాట అది. వచ్చిననాడు దాని మూటలో ఒకటో రెండో అర్థాలు ఉండి ఉంటాయి. కానీ మావాళ్ళు పొదుపరులు. ఇంటికి వచ్చిన మాటకు ఒక్క పని అప్పగించి ఊరుకోరు. ఇంటెడు చాకిరీ చేయిస్తారు.

నా మొదటి కొలువు తాండవ నది ఒడ్డున ఒక చిన్న పట్టణంలో, బోర్డు హైస్కూల్లో. అది నా గౌరవార్థం పెట్టిన పేరనుకుని కొంతకాలం మురిసిపోయాను. ఎప్పుడో జిల్లాను ఏలిన పెద్దమనుషుల బృందం పేరని తరువాత తెలిసింది. ఆ బోర్డు రద్దయింది, అందులోని పెద్దమనుషులు కాలం చేశారు, వారి మనుమలు సైతం బట్టతలలు నిమురుకుంటున్నారు. బడిని మాత్రం ఆ పేరు వదలలేదు.

నాకు నల్లరంగు పూశారు. మాస్టర్లు రాసేవారు, చెరిపేవారు. పిల్లలు చూసేవారు, మరిచేవారు. ఇంత చాకిరీ నేను చేస్తుంటే, ఎండలు ముదరగానే "బోర్డు పరీక్షలు, బోర్డు పరీక్షలు" అని అందరూ వణికిపోయేవారు. నన్ను చూసి కాదు. ఎక్కడో రాజధానిలో కూర్చున్న మరో బోర్డును తలుచుకుని. దాన్ని కళ్ళారా చూసినవాడు లేడు, దాని మీద సుద్దముక్క పెట్టినవాడు లేడు. అయినా భక్తి అంతా దానికి, బూడిద అంతా నాకు. వరండాలో అద్దాల తలుపుల వెనుక ఉండే నోటీసు బోర్డు మా దూరపు చుట్టం. దానికి తాళం కూడా ఉండేది. లోపల ఏమీ ఉండేది కాదు.

మాస్టారు బయటికి వెళ్ళినప్పుడు తరగతి లీడరు నా మీద మాట్లాడినవారి పేర్లు రాసేవాడు. పేరెక్కినవాడికి తొడపాశం. ఆనాడు నేను పేరంటే నేరమనుకున్నాను. ఊళ్ళోకి వచ్చాక గాని తెలియలేదు, అక్కడ బోర్డు మీద పేరెక్కినవాడికి పూలదండ వేస్తారని, ఎక్కనివాడు అన్నం మానేసి అలుగుతాడని.

కొన్నాళ్ళకు బడికి ఆకుపచ్చ బోర్డులు వచ్చాయి. ఆపైన తమంతట తామే వెలిగే బోర్డులు వచ్చాయి. వాటిని స్మార్టు బోర్డులన్నారు. నన్ను మొద్దు అని ఎవరూ పైకి అనలేదు. మర్యాదస్తులు కాబట్టి, విరిగిన బెంచీలతో కలిపి వేలంలో పెట్టి ఊరుకున్నారు. దొరబాబు నన్ను చూసింది అక్కడే.

దొరబాబు పేరులో దొర ఉన్నాడు, బాబు ఉన్నాడు. చేతిలో మాత్రం పని లేదు. స్టేషను రోడ్డులో వీధివైపు గదులున్న పాత పెంకుటిల్లు అతనికి తండ్రి వదిలిన ఆస్తి. వ్యాపారాలు ఎందుకు మునుగుతాయో అతని దగ్గర ఒక సిద్ధాంతం ఉంది. పెట్టుబడి లేక కాదు, శ్రమ లేక కాదు, సరుకు లేక అంతకంటే కాదు. సరైన బోర్డు లేక. బోర్డు బాగుంటే బేరం దానంతట అదే నడిచివచ్చి గుమ్మంలో నిలబడుతుందని అతని నమ్మకం. నన్ను సైకిలు వెనుక కట్టుకుని ఇంటికి తెచ్చి, వీధిలోంచే "ఇదిగో!" అని కేక వేశాడు.

ఆ కేకకు ఒక స్త్రీ తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చింది. ఆమె పేరు "ఇదిగో" అనుకున్నాను. తప్పు నాది కాదు.

ఆ ఇంటి సంగతి ఇక్కడ చెప్పాలి. దొరబాబు తల్లి పేరు నూకాలమ్మ. ఆ ప్రాంతపు అమ్మవారి పేరది. ఆ చుట్టుపక్కల ఆ తల్లి పేరు తగలని ఇల్లు అరుదు. కొత్తగా వచ్చిన కోడలి పేరులోనూ ఆ తల్లే ఉంది. అత్తకున్న పేరు కోడలికీ ఉంటే ఆ ఇంట్లో కోడలిని ఆ పేరుతో పిలవకూడదు. కోడలిని తిట్టినప్పుడల్లా అత్తను తిట్టినట్టవుతుందట. తిట్టడం మానుకోవచ్చునన్న ఆలోచన ఆ వంశంలో ఎవరికీ తట్టలేదు. పేరు మార్చడమే సులువనిపించింది. పెళ్ళిపీటల మీదనే ఆమెను లక్ష్మిని చేశారు. ఆ లక్ష్మి అయినా వాడుకలోకి వచ్చిందా అంటే అదీ లేదు. మొగుడికి ఆమె "ఇదిగో", అత్తకు "కోడలా", ఇరుగుపొరుగుకు "దొరబాబు పెళ్ళాం".

ఆమె అసలు పేరు నాకు తెలుసు. ఎలా తెలిసిందో చెబుతాను, పేరు మాత్రం చెప్పను. ఆ ఇంటి గోడకు వేలాడిన దాన్ని కనుక ఆ ఇంటి నియమం నాకూ వర్తిస్తుంది. నేనూ ఆమెను కోడలనే అంటాను.

మరునాడే పెయింటరు సుభానీ రంగుడబ్బాలతో వచ్చాడు. మనిషి సన్నం, మాట ఇంకా సన్నం.

"అక్షరాలు పెద్దగా ఉండాలి సుభానీ. రైల్లోంచి చూసినా కనబడాలి."

"ఇక్కడ రైలు ఆగదు కదండీ దొరబాబుగారూ."

"ఆగకపోతేనేం, చదువుకుంటూ పోతారు."

అలా నేను "శ్రీ నూకాంబికా టైపు ఇన్‌స్టిట్యూటు" నయ్యాను. కొడుకు తన పేరిట విద్యాలయం తెరిచాడని నూకాలమ్మ అరుగు మీద కూర్చుని వచ్చేపోయేవారికి చెప్పుకుంది. ఊళ్ళో వాళ్ళందరూ టైపు మిషన్లను పాత ఇనుము కింద అమ్ముకుంటున్న రోజులవి. అందువల్లనే అవి దొరబాబుకు చవకగా దొరికాయి. చాలాకాలానికి ఒక విద్యార్థి వచ్చి, లోపలంతా కలియజూసి, "కీబోర్డు ఏదండీ?" అని అడిగాడు. దొరబాబు వీధివైపు వేలు చూపి, "బోర్డు బయట ఉంది, కీ నా జేబులో ఉంది, నీకెందుకు?" అన్నాడు. ఆ విద్యార్థి నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు. ఆ సంస్థ చరిత్రలో ప్రవేశం, పట్టా ప్రదానం ఆ ఒక్కరికే జరిగాయి.

దొరబాబు అధైర్యపడలేదు. నాకు రెండో ముఖం ఉండనే ఉంది. నన్ను తిప్పి, వీధివైపు గదుల్లో మంచాలు వేసి, "బోర్డింగ్ అండ్ లాడ్జింగ్" అని రాయించాడు. తునిలో, అన్నవరంలో ఏ లాడ్జి చూసినా ఆ రెండు మాటలూ జంటగానే కనబడ్డాయి కనుక, గోపురం మీద కలశంలాగా అదొక అలంకారమనుకున్నాడు. మొదటి అతిథి మందుల కంపెనీ ఏజెంటు. స్నానం చేసి, తల దువ్వుకుని, బుద్ధిగా వచ్చి బల్ల దగ్గర కూర్చున్నాడు.

"భోజనం ఎప్పుడండీ?"

"భోజనమా? ఎవరిదీ?"

"నాదేనండీ. బోర్డింగ్ అని రాశారు కదా."

"అంటే… లాడ్జి అన్నాక అలా రాయాలి కదా అని రాశామండీ."

"రాశాక పెట్టాలి కదండీ."

దొరబాబు లోపలికి వెళ్ళాడు. "ఇదిగో" అన్నాడు. ఆ రోజు కోడలు వండింది పప్పుచారు, గుత్తివంకాయ. ఏజెంటు తిన్నాడు, మళ్ళీ అడిగాడు, మళ్ళీ తిన్నాడు. చేయి కడుక్కుంటూ, "అమ్మా, మా అమ్మ చేతి వంట ఇంత బాగుండదు. ఈ మాట మా అమ్మకు చెప్పకండి" అన్నాడు. ఆ పూట ఆ ఇంట్లో పస్తున్నది ఎవరో నేను చెప్పనక్కరలేదు.

పెంకులు కారి, నల్లులు చేరి లాడ్జింగ్ త్వరలోనే మూతపడింది. అర్థం తెలియక రాసిన బోర్డింగ్ మాత్రం మిగిలింది. తెరవాలని ఎవరూ నిశ్చయించలేదు, తెరిచినట్టు ఎవరూ ప్రకటించలేదు; మెస్సు పుట్టింది. రైల్వే గ్యాంగువాళ్ళు వచ్చారు, బస్సు కండక్టర్లు వచ్చారు, పెళ్ళికాని లెక్చరర్లు వచ్చారు. మందుల ఏజెంటు ఆ ఊళ్ళో రోగులు లేకపోయినా వచ్చాడు. తెల్లవారుజామున పొయ్యి వెలిగించేది కోడలు, సంతకు వెళ్ళేది కోడలు, వడ్డించేది కోడలు, అంట్లగిన్నెల ముందు కూలబడేది కోడలు. దొరబాబు గుమ్మంలో కుర్చీ వేసుకుని "యాజమాన్యం" చూసేవాడు.

తినడానికి వచ్చినవాళ్ళు ఆమెను అక్కా అన్నారు, పిన్నీ అన్నారు, మెస్సమ్మా అన్నారు, కొత్తవాడైతే మేడమన్నాడు. ఊరు నా విషయంలో చేసిన దానికి ఇది తలకిందులు. నా దగ్గర ఒకే మాట పెట్టుకుని దానితో నలభై వస్తువులను పిలిచారు; ఆమె ఒక్కతిని నలభై మాటలతో పిలిచారు. ఆ నలభైలో ఆమె పేరు లేదు.

ఇల్లు అన్నం వాసనతో నిండుతుంటే దొరబాబుకు అవమానంగా తోచింది. బోర్డు లేకుండా నడిచే వ్యాపారం అతని సిద్ధాంతానికి మచ్చ. నన్ను మళ్ళీ తిప్పి "దొరబాబు డెవలపర్స్" చేశాడు. స్థలాలు లేవు, సరిహద్దు రాళ్ళు లేవు, డైరెక్టర్ల బోర్డు మాత్రం ఉంది. తాను ఛైర్మన్, ఇద్దరు స్నేహితులు డైరెక్టర్లు, తల్లి శాశ్వత సభ్యురాలు. వాళ్ళు కూర్చుని పకోడీలు తింటే దాన్ని బోర్డు మీటింగన్నారు. "బోర్డు తీర్మానించింది" అని గంభీరంగా పలికేవారు. గోడ మీద ఉన్న నేను ఏమీ తీర్మానించలేదని మనవి. పకోడీలు వేయించిన మనిషిని ఏ బోర్డులోనూ చేర్చుకోలేదు. స్థలం ఎక్కడుందని ఎవరో ఒకరు అడగగానే దొరబాబు నన్ను గోడవైపు తిప్పేశాడు. "దొరబాబు బోర్డు తిప్పేశాడు" అని ఊరంతా నవ్వుకుంది. ఆ మాట పుట్టి ఎన్నేళ్ళయిందో గాని, అక్షరాలా జరగడం అదే మొదలనుకుంటాను.

ఆపైన నేను వంటింట్లోకి చేరాను. గుమ్మాలన్నీ ఒకే వరసలో ఉండడం వల్ల అక్కడి నుంచి వీధి అరుగు దాకా కనబడేది. కరెంటు బోర్డు నుంచి ఒక మనిషి వచ్చి, నా మూలన ఒక చిన్న స్విచ్చి బోర్డు బిగించాడు. బోర్డు మనిషి బోర్డు మీద బోర్డు బిగిస్తున్నాడన్నమాట. అతనికి నవ్వు రాలేదు; నాకు నోరు లేదు.

పాత అక్షరాలు వెలిసిపోయిన నా నల్లముఖం ఇప్పుడు పొయ్యివైపు ఉంది. మధ్యాహ్నపు బంతులు ముగిసి, గిన్నెలు బోర్లించి, అత్త అరుగు మీద, మొగుడు కుర్చీలో కునుకు తీస్తున్న వేళ, కోడలు గూట్లోంచి ముగ్గుసుద్ద తీసేది. నా దగ్గరికి వచ్చేది. గుండ్రని, తీరైన అక్షరాలతో తన పేరు రాసేది. కాస్త దూరం జరిగి చూసేది. పెదవులు కదిలేవి, శబ్దం వచ్చేది కాదు. వీధిలో సైకిలు గంట వినబడితే చాలు, కొంగుతో తుడిచేసేది. బడిలో ఎందరో నా మీద ఎన్నెన్నో రాశారు. తన పేరునే ఇంత భయపడుతూ రాసినవాళ్ళను నేను చూడలేదు. ఒక మధ్యాహ్నం ఆమె తుడవకుండానే చాలాసేపు నిలబడి, నాతోనో తనతోనో, "ఒక్కసారి ఎవరైనా పిలిస్తే బాగుండు" అన్నది. అంతే. పట్టుచీర కోరలేదు, పుస్తెలతాడు కోరలేదు. ఊరికే దొరికేదాన్ని కోరింది. అలాంటివే దొరకవు.

ఇంతలో ఊళ్ళో తిండి దుకాణాలను తనిఖీ చేస్తూ ఇన్‌స్పెక్టరు కెజియా వచ్చింది. వంటిల్లు చూసింది, నీళ్ళ తొట్టి చూసింది, మూతలు ఎత్తి చూసింది, తల పంకించింది. అంతవరకు సాఫీగానే సాగింది. ఆ తరువాత ఆమె చేసిన పొరపాటల్లా ఆ ఇంట్లో పేర్లు అడగడం.

"హోటలు పేరేంటమ్మా?"

"పేరు లేదండి. మెస్సంటారు."

"యజమాని ఎవరు?"

"మా ఆయనండి."

"ఆయన పేరు?"

కోడలు తల వంచుకుంది. గడ్డంతో గుమ్మంవైపు చూపించి, "ఆయనేనండి. కుర్చీలో ఉన్నారు కదండి" అన్నది.

"కుర్చీలో ఉన్నారు సరే, పేరు?"

"నేను పలకకూడదండి."

"పోనీ, వంట ఎవరు చేస్తారు?"

"నేనేనండి."

"సరుకులు తెచ్చేది?"

"నేనేనండి."

"శుభ్రం చేసేది?"

"నేనేనండి."

"మరి మీ పేరు?"

అరుగు మీద నూకాలమ్మ దగ్గింది. ఆ దగ్గులో కఫం లేదు, శాసనం ఉంది.

"లక్ష్మి అంటారండి."

"అంటారా? ఆధార్ కార్డులో?"

"అందులో వేరేగా ఉంటదండి."

"అదే చెప్పమ్మా."

"ఇంట్లో పలకకూడదండి."

కెజియా దొరబాబు వైపు తిరిగింది. "మీరైనా చెప్పండి, మీ ఆవిడ పేరు."

దొరబాబు కాలు మీద కాలు వేసుకుని గర్వంగా, "నేనెప్పుడూ పేరు పెట్టి పిలవలేదండి. 'ఇదిగో' అంటే వచ్చేస్తది" అన్నాడు.

"బాగుంది. పెద్దమ్మా, మీ పేరు చెప్పొచ్చా, దానికీ దగ్గాలా?"

నూకాలమ్మ నోరు తెరిచింది. మాట రాలేదు. మరిచిపోయింది అనలేను. ఎక్కడో అడుగున పెట్టిన వస్తువును చేతితో తడుముతున్నట్టు ఆమె ముఖం కాసేపు వెతుక్కుంది. "నూ… నూకాలమ్మ" అన్నది చివరికి. అని, ఎవరో తనను పిలిచినట్టు వీధివైపు తిరిగి చూసింది. వీధిలో ఎవరూ లేరు.

కెజియా లేచి కొంగు సర్దుకుంది. "ఈ ఊళ్ళో నేను ఈగలున్న హోటళ్ళు చూశాను, ఎలుకలున్న హోటళ్ళు చూశాను. పేర్లు లేని హోటలు ఇదొక్కటే. వచ్చే వారం మళ్ళీ వస్తాను. గోడకు బోర్డుండాలి, బోర్డు మీద ఒక పేరుండాలి. ఆ పేరు మీదనే లైసెన్సు. ఆ పేరువాళ్ళదే మెస్సు. లేకపోతే తాళమే" అని వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం దొరబాబు ముఖం చూడాలి. ప్రభుత్వమే దిగివచ్చి తన సిద్ధాంతాన్ని ఒప్పుకుందని అతని ఆనందం. అన్నం ముందు కూర్చుని, "దొరబాబు ఫ్యామిలీ రెస్టారెంటు. ఎలా ఉందే అమ్మా?" అన్నాడు. లైసెన్సు తన పేరు మీద రాగానే కాకినాడ స్నేహితుడు భాగస్వామిగా వస్తాడట. పప్పుచారు తీసేసి బిర్యానీ పాయింటు పెడతారట. అరుగు పగలగొట్టి అద్దాలు బిగిస్తారట.

"మరి నేను?" అన్నది కోడలు, చారు వడ్డిస్తూ.

"నువ్వెక్కడికి పోతావు? వంటకుంటావు. మావాడు జీతం కూడా ఇస్తానన్నాడు. మంచోడు."

తన పొయ్యి దగ్గర తనకే జీతం. కోడలు గరిట గిన్నెలో పెట్టింది. ఆమె గొంతు పెరగలేదు. పెరగకపోవడం చూసే నాకు భయం వేసింది.

"బోర్డు మీద నా పేరుండాలి."

"నీ పేరా? సరే, లక్ష్మీ ఫ్యామిలీ…"

"అది నా పేరు కాదు."

నూకాలమ్మ చేయి కంచంలో ఆగిపోయింది. దొరబాబు తల్లి ముఖం చూశాడు, పెళ్ళాం ముఖం చూశాడు, ఎటు చూసినా లాభం లేక గోడకున్న నన్ను చూశాడు.

"ఆ పేరు ఈ ఇంట్లో అమ్మ ఒక్కదానికే. నీకు తెలీదేంటి?"

"తెలుసు. అయితే బోర్డు మీద పేరున్నవాళ్ళే వండుతారు" అన్నది కోడలు. కొంగు దులుపుకుని పెరట్లోకి వెళ్ళింది.

దొరబాబు దాన్ని అలక అనుకున్నాడు. అలకలు ఆకలి వేళకు తీరిపోతాయని అతని అనుభవం. ఎందుకంటే అలిగేది ఎప్పుడూ తానే, తీర్చేది ఆమె.

కొత్త పేరు రాయడానికి సుభానీ వచ్చిన రోజు ఉదయం ఆ ఇంట్లో పొయ్యి వెలగలేదు. అంతకుముందు ఒకసారి ఆమెకు ఒళ్ళు కాలిపోతున్నా ఆ పొయ్యి వెలిగింది. వరద వచ్చి వీధి మోకాలిలోతు మునిగినా వెలిగింది. ఇవాళ చల్లగా ఉంది. కోడలు వంటింటి గడపలో చేతులు ఒడిలో పెట్టుకుని కూర్చుంది. ఏడవలేదు, ఎవరినీ తిట్టలేదు. కుదురుగా కూర్చున్న ఆమెను చూడటం ఆ ఇంట్లో అందరికీ అదే మొదటిసారి. ఆమె ఎంత పొడవో కూడా వాళ్ళకు అప్పుడే తెలిసినట్టుంది.

సుభానీ స్విచ్చి బోర్డు ఊడదీసి, నన్ను సోడానీళ్ళతో కడిగి, వీధి గోడకు బిగించి, తెల్లరంగు వేశాడు. నా పాత పేర్లన్నీ ఆ తెలుపు కిందికి వెళ్ళిపోయాయి. అలాంటి తెలుపు నాకు మిల్లులో పుట్టిన రోజున కూడా లేదు. స్టూలెక్కి, ఎర్రరంగులో కుంచె ముంచి, "చెప్పండి దొరబాబుగారూ" అన్నాడు.

ఈలోగా భోజనాల వేళయింది. గ్యాంగువాళ్ళు వచ్చారు, కండక్టర్లు వచ్చారు, మందుల ఏజెంటు తన సంచీతో వచ్చాడు. వచ్చినవాళ్ళు వాసన కోసం గాలి పీల్చి, పెయింటు వాసన తగిలి, ఉలిక్కిపడి వీధిలోనే నిలబడిపోయారు.

"ఏంటి సంగతి?"

"బోర్డు సంగతి తేలితే గాని అన్నం లేదంట."

"బోర్డంటే ఏ బోర్డు? కరెంటు బోర్డా?"

"కాదురా బాబూ, పేరు బోర్డు."

"పేరుదేముంది, ఏదో ఒకటి రాసెయ్యండి, ఆకలేస్తంది."

"ఆ ఏదో ఒకటి దగ్గరే ఆగిందంట కదా."

దొరబాబు గొంతు సవరించుకున్నాడు. "రాయి సుభానీ. దొరబాబు…"

సుభానీ కుంచె కదల్చలేదు. సన్నగా, "రాయమంటే రాసేస్తానండి. కానీ దొరబాబు అని రాస్తే జనం భోజనానికి వస్తారు. వచ్చాక ఏం పెడతారు? నేనైతే రంగు ఒక్కటే ఇవ్వగలను" అన్నాడు.

"పోనీ దొరబాబుగారూ, ఇవాళ్టికి మీరు వండండి" అన్నాడు కండక్టరు. "మేమంతా రైట్ రైట్ అంటాం."

"ఆయన వండితే నా సంచీలో మందులన్నీ ఇక్కడే అమ్ముడుపోతాయి" అన్నాడు ఏజెంటు. వీధి గొల్లుమంది. దొరబాబు చెవులు సుభానీ కుంచె కంటే ఎర్రబడ్డాయి. "ఇదిగో!" అని లోపలికి కేక వేశాడు. ఎవరూ రాలేదు. మళ్ళీ వేశాడు. అన్నేళ్ళుగా ఆ ఇంటిని నడిపించిన ఆ మంత్రం ఆ రోజు పనిచేయలేదు. గడపలో ఉన్న మనిషి తల కూడా తిప్పలేదు.

అప్పుడు అరుగు మీద నుంచి నూకాలమ్మ లేచింది. పొద్దుటి నుంచి ఆమెకు కాఫీ లేదు. ఆకలే ముసలమ్మను లేపిందని వీధి అనుకుంది. గోడ మీద నుంచి చూసిన నాకు అలా అనిపించలేదు. ఇన్‌స్పెక్టరు వచ్చి వెళ్ళిన నాటి నుంచి ఆమె అరుగు మీద కూర్చుని తనలో తాను పెదవులు కదుపుతూ ఉండడం నేను చూశాను. వంటింట్లో మరొకరి పెదవులు అలాగే కదలడం అంతకుముందే చూసి ఉన్నాను కనుక, ఆమె ఏం పలకడానికి చూస్తోందో నాకు తెలుసు. ఆమె కర్ర పొడుచుకుంటూ వీధిలోకి దిగి, కొడుకు ఎదురుగా నిలబడింది.

"ఒరే దొరబాబూ, నా పేరేట్రా?"

"అదేంటమ్మా, ఇంతమందిలో…"

"సెప్పరా."

"పెద్దవాళ్ళ పేరు ఎలా పలుకుతానమ్మా? నువ్వే కదా పలకొద్దన్నావు."

"నువ్వు పలకవు. మీ నాన్న బతికున్నాళ్ళూ 'ఏమే' తప్ప ఇంకో మాట పలకలేదు. మా అమ్మ పిలిచేది, మా నాన్న పిలిచేవోడు. ఆళ్ళు పోయారు. నా ఈడోళ్ళు ఇంకెవరున్నారు పిలవడానికి? నా పేరు నాకే నోటికి రాలేదు ఆవేళ, ఆ ఇనస్పెట్టరమ్మ ముందు." ఆమె ఊపిరి తీసుకుంది. "ఒక్కరూ పిలవని పేరుకి ఇన్నేళ్ళు కాపలా కాశాన్రా. ఎవరు పట్టుకుపోతారని? ఆ పిల్ల పేరు కూడా తెచ్చి నా పేరుతోపాటే గదిలో పెట్టి తాళమేశాను."

కండక్టరు ఎందుకో టోపీ తీశాడు. దొరబాబు నేల చూస్తూ కాలి బొటనవేలితో మట్టి గీకుతున్నాడు. ఆ క్షణంలో అతనిలో దొరా లేడు, బాబూ లేడు. తల్లి చేత అడిగించుకున్న ఒక కొడుకు ఉన్నాడు. ఆ ఇంట్లో నేను చూసిన అతని ముఖాలన్నింటిలో అదే కాస్త మెరుగు.

"కిందికి దిగకు సుభానీ" అన్నది నూకాలమ్మ. "ఇప్పుడు నేను పిలుస్తాను. నేను పిలిచిందే రాయి. అచ్చరం పొల్లు పోకూడదు."

సుభానీ కుంచె అంచున రంగు బొట్టు వణికింది. నా తెల్లని ఒంటి మీద ఇంకా ఏమీ లేదు. ఇన్నేళ్ళలో నేను మోసిన పేర్లలో ఒక్కటీ నాకు అవసరమనిపించలేదు. ఇదొక్కటి కావాలనిపించింది.

నూకాలమ్మ గుమ్మం దగ్గరికి వెనక్కి నడిచి, కర్రను గోడకు ఆనించింది. రెండు చేతులూ ద్వారబంధానికి ఆన్చి, లోపలి చీకటిలోకి, చల్లారిన పొయ్యి దాకా, గడపలో కూర్చున్న మనిషి దాకా, స్టేషను రోడ్డు ఈ చివర నుంచి ఆ చివర దాకా వినబడేలా గొంతెత్తి పిలిచింది:

"నూకరత్నం!"